అడుగంటిన గిన్నె

స్టవ్ ముందే నిలబడి ఉన్నా. చేతిలో ఫోన్ కూడా లేదు, ఒట్టు. అయినా పాలు అడుగంటాయి.

గిన్నె తోముతుంటే కనిపించింది. అడుగున సరిగ్గా బర్నర్ మంట ఎంత ఉంటుందో అంత, గుండ్రంగా నల్లటి మాడు. దాని చుట్టూ మాత్రం తళతళా మెరుస్తోంది. అంటే తప్పు నాది కాదు, గిన్నెది!

స్టీలు వేడిని తొందరగా పక్కకి పాకనివ్వదు. అడుగు పల్చగా ఉంటే మంట తగిలిన చోటే మాడుతుంది. ఈ విషయంలో అల్యూమినియం కనీసం పది రెట్లు నయం. అందుకే రెండు స్టీలు పొరల మధ్య దాన్ని పెట్టి ట్రైప్లై గిన్నెలు చేస్తారు. ఇదంతా తెలిసి కూడా నేను మెరుపు చూసి కొన్నా. అడుగున 18/10 అని ఉంటే మురిసిపోయా కూడా. అది స్టీలులో క్రోమియం, నికెల్ ఎంత శాతమో చెబుతుందంతే, మందం గురించి ఒక్క ముక్క చెప్పదు.

సాయంత్రం మళ్లీ షాపుకి. ఈసారి ప్రతిదీ చేత్తో ఎత్తా, బోర్లించా, పిడి పట్టుకుని ఊపా. అమ్మేతను వింతగా చూసి, సెట్ మొత్తం తీసుకోమన్నాడు. సగం అటకెక్కుతాయని తెలుసు కాబట్టి ఒక్కటే తెచ్చుకున్నా.

బరువుగా ఉంది. నిండా నీళ్లు పోసి ఎత్తితే చెయ్యి లాగేస్తోంది. ఆ పరీక్ష షాపులో గుర్తుకు రాలేదు మరి.

పాతది ఇంకా సింకులో నానుతోంది.