సీటు కింద ఖాళీ

ఇవాళ మెకానికల్ థర్డ్ ఇయర్ పిల్లలకి ఇంపాక్ట్ పాఠం. పుస్తకంలోని లారీ లెక్క పక్కన పెట్టి, బోర్డు మీద బ్లాక్ హాక్ హెలికాప్టర్ పైలట్ సీటు గీశాను.

సెకనుకి 12.8 మీటర్ల వేగంతో హెలికాప్టర్ నిట్టనిలువునా నేలకి తగిలిందనుకోండి అన్నాను. 1974లో అమెరికా సైన్యం రాసుకున్న ప్రమాణం అది. పైలట్ 10 సెంటీమీటర్లలో ఆగితే ఒంటి మీద పడేది 80 జీ పైమాటే, అంటే తన బరువుకి 80 రెట్ల పైన, వెన్నుపూస నుగ్గైపోతుంది. అదే అర మీటరులో ఆగితే 17 జీ లోపే.

"ఆ అర మీటరు ఎక్కడినుంచి వస్తుంది సార్?" అందో అమ్మాయి. మంచి ప్రశ్న. కొంత చక్రాల కాళ్లు కుంగి ఇస్తాయి, కొంత అడుగుభాగం నలిగి ఇస్తుంది, మిగతాది సీటు ఇవ్వాలి. దెబ్బ ఒక హద్దు దాటగానే సీటు పట్టాల మీద కిందికి జారుతుంది, దెబ్బని పీల్చుకునే దాని అబ్జార్బర్లు జారనిస్తూనే బిగపట్టి ఆపుతాయి. అందుకే సీటు కింద జాగా ఖాళీగా ఉండాలి. అక్కడ బ్యాగు కుక్కితే ఇంత డిజైనూ దండగ.

మంటల సంగతీ చెప్పాను. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు హ్యూయీ హెలికాప్టర్లు కూలినప్పుడు, దెబ్బకి బతికి బయటపడాల్సినవాళ్లు ట్యాంకు చిట్లి మంటల్లో పోయారు. 1970 నుంచి చిరగని ట్యాంకులు, గొట్టం తెగగానే మూసుకుపోయే వాల్వులు వచ్చాక ఆ చావులు దాదాపు ఆగిపోయాయి. ఇంజనీరింగ్‌లో ఇంతకన్నా గొప్ప పని నాకు కనిపించదు.

"మన సైన్యం హెలికాప్టర్లకి అలాంటి సీట్లున్నాయా సార్?" మన దేశంలోనే తయారైన ధ్రువ్‌కి ఉన్నాయి. చీతాకి లేవు. అది 1960ల ఫ్రెంచి డిజైన్, ఈ ఆలోచనలు ఇంకా వేళ్లూనని కాలం. సియాచిన్‌లో 20 వేల అడుగుల దాకా ఎక్కే మొనగాడే, కాదనను. కానీ మా అన్నయ్య కొడుకు రోజూ కూర్చునేది అందులోనే.

చీతా, దానిలాంటిదే పాత హెలికాప్టర్ చేతక్‌లను ఆపెయ్యమని ఆర్మీ అధికారుల భార్యలు రక్షణమంత్రికి అర్జీ పెట్టి పదేళ్లు దాటింది. ఇంకా ఎగురుతున్నాయి. నాకు ఒళ్లు మండుతుంది. కొత్త తేలికపాటి హెలికాప్టర్లు ఈ కుర్రాళ్ల చేతికి ఎంత తొందరగా వస్తే అంత మంచిది.

రాత్రి వాడే ఫోన్ చేశాడు. భుజాల బెల్టు బిగించుకుంటున్నావా అని అడిగాను.

"రోజూ బిగించుకుంటాను బాబాయ్. అమ్మ దగ్గర మాత్రం ఈ మాటలెత్తకు."

ఎత్తనన్నాను.