పంపు తీసేసినా ఆగని అలలు

ఎంటెక్‌లో నాకిచ్చిన ప్రాజెక్టు వినడానికి తేలికే. 25 మిల్లీమీటర్ల అక్రిలిక్ గొట్టంలో 0.7 మిల్లీమీటర్ల గాజు పూసలు పోసి, కింద నుంచి నీళ్లు పంపాలి. నిమిషానికి 150 మిల్లీలీటర్ల దగ్గర నీళ్ల ఒరిపిడి పూసల బరువుకి సరిపోయి బెడ్ (గొట్టంలోని పూసల పొర) వదులవుతుంది. ఆ పైన నీళ్లు పెంచేకొద్దీ ఎత్తు కొలిచి, నీళ్ల వేగాన్ని బట్టి బెడ్ ఎంత ఉబ్బుతుందో చెప్పే 1954 నాటి రిచర్డ్‌సన్–జాకీ సూత్రంతో పోల్చాలి. అంతే.

300 మిల్లీలీటర్ల దగ్గర వచ్చింది చిక్కు. వెనక ఎల్ఈడీ లైటు పెట్టి చూస్తే, పూసలు పలచబడిన అడ్డ పట్టీలు ఒకదాని వెనక ఒకటి పైకి పాకుతున్నాయి. అడుగున ఏమీ కనబడదు. జానెడు పైకి వెళ్లాక కనబడీ కనబడనట్టు, ఇంకా పైన స్పష్టంగా. బెడ్ పైమట్టం వణుకుతుంటే ఎత్తు ఎక్కడని రాయను?

పంపు కొట్టుకుంటోందనుకున్నాను. పూర్ణా మార్కెట్ దాకా వెళ్లి రబ్బరు ప్యాడ్లు తెచ్చి కింద వేశాను. తగ్గలేదు. చివరికి పంపే తీసేసి, డాబా మీద మట్టం మారని ట్యాంకు పెట్టి నీళ్లు దింపాను. అలలు అలాగే ఉన్నాయి. మా గైడ్ మేడమ్ వచ్చి కాసేపు చూసి, "ఇప్పుడు పంపు లేదుగా నాన్నా, మరి ఎవరిని తిడతావు?" అన్నారు.

అయినా మొండిగా తాపీమేస్త్రీ దగ్గర తూకం గుండు అడిగి తెచ్చి గొట్టం నిలువు సరిచూశాను. సరిగ్గానే ఉంది. అప్పుడు గానీ ఇలాంటి బెడ్ల మీద జాక్సన్ అనే పరిశోధకుడు 1963లో చేసిన విశ్లేషణ చదవలేదు. సమంగా పరుచుకున్న బెడ్డే అస్థిరమైనదని ఆయన లెక్క. ఎక్కడో పూసలు కాస్త పలచబడతాయి. అక్కడ నీళ్ల ఒరిపిడి మారుతుంది, కానీ పూసకి జడత్వం ఉంది కదా, వెంటనే సర్దుకోలేదు. ఆ ఆలస్యమే చిన్న తేడాని పెంచుతుంది. అదే గాలితో అయితే తేడా గబగబా పెరిగి బుడగలవుతుంది. నీళ్లు కాబట్టి నాకు తీరిగ్గా అలలు.

ఫోన్‌లో స్లోమోషన్ తీసి కొలిస్తే అల సెకనుకి మూడు సెంటీమీటర్ల పైనే పోతోంది. పూసల సందుల్లో నీళ్ల వేగం రెండే! నీళ్లని దాటి పోయే అల. నమ్మలేక మూడుసార్లు కొలిచాను. పూసలు మాత్రం దాంతో పోవు, పలచటి పట్టీలోంచి కిందికి రాలి వెనకున్న గుంపులో కలుస్తాయి.

ఎత్తుల కథ ఇంకా మిగిలింది. మధ్యాహ్నం రీడింగులన్నీ పొద్దుటి కన్నా తక్కువ. డాబా మీద ట్యాంకు, విశాఖ ఎండ. నీళ్లు వేడెక్కి చిక్కదనం తగ్గితే బెడ్ దిగిపోతుంది. ఆ ముక్క తట్టడానికి నెల పట్టింది! మళ్లీ రెండు వారాలు ఉదయం ఆరింటికే ల్యాబ్ తెరిపించాను.

తాళాలు పట్టుకొచ్చిన అటెండరు గారు గొట్టం వంక చూసి అన్నారు: "అలలు చూడ్డానికైతే బీచికెళ్లొచ్చు గదా బాబూ. దీనికి తాళాలేటి?"