వయసైన కుక్కకు డెల్టాలో ఇల్లు వెతకడం: నా అనుభవం

గోదావరి జిల్లాల్లో కుక్క కావాలని ఫోన్ చేసేవాళ్లు ముందుగా అడిగే మాట "కాపలా కాస్తాదాండి?" రొయ్యల చెరువు గట్టుకో, కొబ్బరితోటకో, సగం కట్టిన ఇంటికో కావాలి వాళ్లకి. వయసైన కుక్క విషయంలో ముందు వడకట్టాల్సింది ఈ ఫోన్లనే. గట్ల మీద ఎలుకలకీ పందికొక్కులకీ మందు పెడతారు, వరిచేలో రక్తపింజరి ఉంటుంది, రాత్రంతా దోమలు. చెవి మందగించి, వెనక కాళ్లు బిగుసుకుపోయిన కుక్క వీటి నుంచి తప్పించుకోలేదు. "ముసలిదైతే ఏముందండి, తోటలో కట్టేసుకుంటాం" అన్నవాళ్లకి మర్యాదగా వద్దని చెప్పేయడమే.

నేను చెబుతున్నది పదేళ్ల ఆడ లాబ్రడార్ సంగతి. ఊరు మారిన కుటుంబం వదిలేసి వెళ్లిన కుక్క. నాటుకుక్కకైనా పద్ధతి ఇదే.

ప్రకటన కంటే ముందు వైద్యం. వయసు ఎంతో పశువైద్యుడు పళ్ల అరుగుదల, మూతి నెరుపు, కళ్లు చూసి అంచనా కడతారు. కంట్లో నీలిపొర చూడగానే జనం గుడ్డిదనేస్తారు. ఏడెనిమిదేళ్లు దాటాక కటకం గట్టిపడి నీలంగా మెరవడం మామూలే, చూపు చాలావరకు ఉంటుంది. పాలలా తెల్లబడితే అది శుక్లం. తేడా కనుక్కోవడానికి దూది ఉండ ఒకటి కళ్ల ముందు జారవిడవండి. చప్పుడు రాదు గనక, తల తిప్పిందంటే చూసినట్టే. వినికిడికి వెనక నుంచి చప్పట్లు కొడితే చాలు.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తప్పక చూడాలి. మన తేమ వాతావరణంలో పిడుదులకు సెలవుండదు. అవి అంటించే ఎర్లీకియా జ్వరం నెలల తరబడి లోపలే నలుగుతుంది. బయటికి కనిపించేది నీరసం, అప్పుడప్పుడు ముక్కు నుంచి రక్తం. దీనికి డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడిస్తారు. ఖాళీ కడుపున ఇస్తే వాంతి చేసుకుంటుంది, అన్నంతోనే ఇవ్వాలి. వారానికే హుషారు రాగానే మందు మానేస్తే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. దోమలున్న చోట గుండెపురుగు పరీక్ష కూడా చేయించాలి. అది తేలకుండా ఐవర్‌మెక్టిన్ సూది వేయించకూడదు. రక్తంలో పురుగు పిల్లలు ఎక్కువగా ఉంటే అవన్నీ ఒక్కసారి చచ్చి కుక్క కుప్పకూలే ప్రమాదముంది.

మూడోది కిడ్నీ: క్రియాటినిన్, మూత్రం. ముసలి లాబ్‌లకి (లాబ్రడార్లకి) కీళ్లనొప్పి దాదాపు ఖాయం, దానికి ఇచ్చే మెలోక్సికామ్ కిడ్నీ బాగుంటేనే మొదలెట్టాలి. మనుషుల ఇబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఒక్క మాత్ర కూడా వద్దు. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీ దెబ్బతింటుంది. కొత్త యజమాని మందుల డబ్బాలో ఇవే ఉంటాయి కాబట్టి ఈ మాట అప్పగించేటప్పుడు ఇంకోసారి చెప్పాలి. ఒంటి మీద మెత్తటి గడ్డలుంటే సూదితో కాస్త తీసి పరీక్ష చేయిస్తే సరిపోతుంది. ఎక్కువ భాగం కొవ్వుగడ్డలే, కాగితం మీద అలా రాసి ఉంటే వచ్చేవాళ్లు భయపడరు. పల్లెల్లో పశువుల ఆసుపత్రి వాళ్ల చేయి గేదెల మీద తిరిగినంతగా కుక్కల మీద తిరగదు. ఎక్స్‌రేకీ రక్తపరీక్షకీ రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం లాంటి పట్నాలకి వెళ్లాలి. చిక్కు కేసైతే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాకపోతే, రక్తపరీక్షలు బాగున్న పక్షంలో, ఇల్లు మారకముందే చేయించాలి. వయసైన ఆడకుక్కకు ఎద తర్వాత గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదకి వస్తుంది. పైగా "పిల్లలు పెడుతుందాండి?" అనే ఫోన్లు అంతటితో ఆగిపోతాయి. రేబీస్ టీకా, ఏడాదికోసారి వేసే మిశ్రమ టీకా రెండూ వేయించి కార్డు దగ్గర పెట్టుకోవాలి. మిశ్రమ టీకాలో లెప్టోస్పైరా ఉందో లేదో అడగండి. ఎలుక మూత్రం కలిసిన వరదనీరు, చేలనీరు తొక్కే కుక్కకి అది అవసరం.

ఇక ప్రకటన. ఫోటో పొద్దుటి వెలుతురులో, కుక్క కంటి ఎత్తులో కూర్చుని తీయాలి. అంతకన్నా పనికొచ్చేది అర నిమిషం వీడియో. పడుకున్న కుక్క లేచి, పదడుగులు నడిచి, నీళ్లు తాగడం అందులో ఉండాలి. కుంటుతుంటే కుంటుతున్నట్టే కనిపించనివ్వండి. "ఉచితం" అనే మాట రాస్తే కాపలా బేరాలే వస్తాయి. వయసు, బరువు, మందులు, నెల ఖర్చు ముందే రాసేయాలి. 28 కిలోల ముసలి లాబ్‌కి రోజుకి దాదాపు 300 గ్రాముల పొడి మేత రెండు పూటలుగా, అంటే నెలకి 9 కిలోలు. కీళ్ల మందు, మూడు నెలలకోసారి పిడుదుల మాత్ర, ఏడాదికి రెండుసార్లు రక్తపరీక్ష దీనికి అదనం. పిడుదుల మాత్రల్లో కొన్ని మూర్ఛ ఉన్న కుక్కలకి పడవు, వైద్యుడికి ఆ సంగతి చెప్పాలి. ఖర్చు చూసి వెనక్కి తగ్గేవాళ్లు ముందే తగ్గడం మేలు.

ఎక్కడ పంచాలి అంటే, నా మటుకు పెన్షనర్ల సంఘాలు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు, పశువుల మందుల షాపు గోడ. పొద్దున్నా సాయంత్రం నెమ్మదిగా నడిచే మనిషికి ముసలికుక్క నడక సరిపోతుంది. పెద్దవాళ్లని అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటుంది: "అమ్మాయి దగ్గరికో అబ్బాయి దగ్గరికో ఆరు నెలలు అమెరికా వెళ్తే దీన్నెవరు చూస్తారండి?" పేరుతో సహా జవాబు రావాలి. "పనమ్మాయి ఉంది" అంటే ఆ అమ్మాయితోనే మాట్లాడాలి.

ఫోన్‌లోనే తేల్చుకోవాల్సినవి ఇంకొన్ని: రాత్రి ఎక్కడ పడుకుంటుంది, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా, మెట్లెన్ని, ఇంట్లో కోళ్లున్నాయా. మన వైపు చివరిది తేలిక విషయం కాదు. పందెంకోడి మీద కుక్క నోరు వేస్తే పోయేది వేలల్లో. అందుకే పంజరంలో కోడిని పెట్టి, కుక్కకి తాడు కట్టి, దూరం నుంచి దగ్గరికి తెస్తూ ముందే చూసుకోవాలి. శాకాహారులిల్లు అయితే నాకు అభ్యంతరం లేదు. పొడి మేత పెడితే చాలు, పెరుగన్నంతోనే బతికించేస్తే కండ కరిగిపోయి వెనక కాళ్లు ఇంకా బలహీనపడతాయి.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర కాఫీ తాగి రావడం కాదు, పెరడంతా తిరగాలి. పంటకాలువ పక్కనుంటే కంచె కావాలి, నిటారు గట్టు ఎక్కలేక ఈతొచ్చిన కుక్క కూడా మునిగిపోతుంది. లంక గ్రామమైతే వరదకి కుక్కని ఎక్కడికి ఎక్కిస్తారో అడగాలి. లోపల గ్రానైట్, టైల్స్ మీద ముసలికుక్క కాళ్లు విడిపోయి చతికిలబడుతుంది. ఒకసారి జారిందంటే ఆ గదిలోకే రానంటుంది. కొబ్బరిపీచు పట్టాలు నడిచే దారికి బాగుంటాయి, పట్టు దొరుకుతుంది. పడకకి మాత్రం అవి పనికిరావు, మోచేతులు ఒరుసుకుని పుండ్లు పడతాయి. మందపాటి బొంత వేయాలి.

ప్రయాణానికి ఎండలెక్కకముందే బయల్దేరాలి. ముసలి లాబ్‌లకి గొంతు కండరం పనిచేయడం తగ్గి అరుపు బొంగురుపోతుంది, శ్వాస గరగరమంటుంది. అలాంటి కుక్క వేడికి నిమిషాల్లో ఊపిరాడక పడిపోతుంది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరిని పంటు (వాహనాల్ని దాటించే పెద్ద పడవ) మీద దాటించేటప్పుడు కారు అద్దాలు దింపి, పక్కనే మనిషి ఉండాలి. కారెక్కడానికి గోనెపట్టా చుట్టిన బల్ల ఒకటి చాలు.

అప్పగింత మొదట మూడు వారాల పరీక్షగానే ఇస్తాను. తెల్లకాగితం మీద రెండు సంతకాలు, ఆధార్ నకలు. స్టాంపు కాగితం తీస్తే మంచివాళ్లు కూడా జంకుతారు. అందులో రాయాల్సింది: కుదరకపోతే కుక్క నా దగ్గరికే రావాలి, ఎవరికీ ఇవ్వకూడదు, వదిలేయకూడదు. పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరమే, కాకపోతే మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. కాబట్టి చట్టాన్ని నమ్ముకునే కన్నా వారం వారం ఫోన్ చేయడమే నయం.

కుక్కతో పాటు ఉతకని పాత దుప్పటి, రెండు వారాలకి సరిపడా పాత మేత, మందుల వేళలు రాసిన కాగితం వెళ్లాలి. కొత్త మేతకి ఏడు రోజుల్లో పావు వంతు చొప్పున మార్చాలి. చేపముళ్లు, ఉడికిన ఎముకలు, ఉల్లిపాయ వేసిన పులుసన్నం వద్దు. కొత్త చోట మొదటి రోజుల్లో ముసలికుక్క కూడా గేటు దాటి పాత ఇల్లు వెతుక్కుంటుంది. మెడపట్టీ తలలోంచి జారిపోతుంది గనక, ఛాతీకి వేసే హార్నెస్, దానికి ఫోన్ నంబరు బిళ్ల ఉండాలి.

వెనక్కి వచ్చే కుక్కల్లో పెద్ద కారణం రాత్రి మూత్రం. పడుకునే ముందు ఒకసారి, తెల్లారుజామున ఒకసారి బయటికి తిప్పితే చాలామటుకు తగ్గుతుంది. నిద్రలోనే కారిపోతుంటే అది పొగరు కాదు, ఆపరేషనైన ఆడకుక్కల్లో వచ్చే సమస్య, మందుంది. నీళ్లు కిలో బరువుకి రోజుకి 100 మిల్లీలీటర్లు మించి తాగుతుంటే మళ్లీ కిడ్నీ, షుగరు చూడాలి. రెండు రోజులు తినకపోయినా, నిద్రలో శ్వాస నిమిషానికి 30 దాటుతున్నా, చిగుళ్లు పాలిపోయినా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. కడుపు ఉబ్బి వాంతి రాక డోకుతుంటే అదే గంటలో బయల్దేరాలి, తెల్లారేదాకా ఆగడానికి వీల్లేదు.

మూడు వారాలు గడిచాక టీకా కార్డు మీద యజమాని పేరు మార్పిస్తాను, చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్ ఉంటే దాని 15 అంకెల నంబరు కింద ఉన్న ఫోన్ నంబరు కూడా. దీపావళి దగ్గరపడుతుంటే టపాసుల భయానికి మందు కోసం వైద్యుణ్ణి రెండు వారాల ముందే అడగమని చెబుతాను, పండగ రోజున దొరకరు.