తీసేసిన పోగులు

నేసిన బట్టను బ్లేడుతో తెంపడం మా ఇంట్లో తప్పుపని. కత్తెర వేయడం వేరు, అది దర్జీ పని. ఒక్కొక్క పోగునూ ఏరి తెంపడం మాత్రం నేతగాడి చేతిని వెక్కిరించినట్టు లెక్క. అందుకే గత ఆదివారం మధ్యాహ్నం చెన్నై పాత వాషర్‌మెన్‌పేటలోని మా అద్దె ఇంటి వరండాలో కూర్చుని, తాతయ్య నేసిన రుమాలు ముక్కను ఒళ్ళో పరచుకుని, సూదితో తెల్లపోగులను పైకి లేపి బ్లేడుతో తెంపుతూ ఉంటే, కునుకు తీసి లేచి వచ్చిన అమ్మకు కాసేపు నోట మాట రాలేదు. ఆ తరువాత "నీకేం పోయేకాలమే, చూస్తూ చూస్తూ తాతయ్య బట్టను పాడు చేస్తున్నావు?" అంది. నేను చెప్పిన జవాబు నాకే పొంతన లేనిదిగా వినిపించింది. ఇక్కడ రాస్తున్నది ఆ జవాబునే, కాస్త స్థిమితంగా.

చీరాలలో మా తాతయ్య గుంటమగ్గం మీద చీరలు నేసింది తక్కువ, రుమాళ్ళు నేసింది ఎక్కువ. రుమాలు అంటే జేబురుమాలు అనుకోకూడదు. ఎరుపు, నీలం, పసుపు, తెలుపు రంగుల గళ్ళతో గజం వెడల్పున నేసే నూలు బట్ట అది. వ్యాపారపు కాగితాల్లో దాని పేరు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. చీరాల, పేరాల, వేటపాలెం మగ్గాల మీద నేసిన ఆ తానులు మద్రాసు ఎగుమతిదారుల చేతుల మీదుగా ఓడలెక్కి పడమటి ఆఫ్రికాకు, అందులోనూ ముఖ్యంగా నైజీరియాకు వెళ్ళేవి. వాటిని ఎవరు కడతారో, ఎలా కడతారో తాతయ్యకు తెలియదు. "ఆఫ్రికా సరుకు" అనేవారు, అంతే. ఆయనకు తెలిసిందల్లా గడి లెక్క తప్పకూడదన్నదే; ఒక పోగు అటూ ఇటూ అయితే నూలిచ్చి కూలీకి నేయించే మాస్టర్ వీవర్ కూలీలో కోత పెట్టేవాడు. అమ్మ ఊరి నుంచి తెచ్చిన రేకు పెట్టెలో ఆ నమూనా ముక్కలు పదకొండు ఉన్నాయి, ప్రతి ముక్క మూలనా దారంతో కట్టిన చీటీ, చీటీ మీద తాతయ్య దస్తూరిలో రంగుల వారీగా పోగుల లెక్క.

ఆ లెక్క తప్పకుండా నేసిన బట్ట నైజర్ నదీ ముఖద్వారంలోని కలబరి ప్రజల ఇళ్ళకు చేరాక ఏమయ్యేదో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ బట్టను వాళ్ళు ఇంజిరి అంటారు. కలబరి స్త్రీలు దాన్ని ఒళ్ళో వేసుకుని, సూదితో ఒక్కొక్క లేతరంగు పోగునూ లేపి, పదునైన బ్లేడుతో తెంపి లాగేస్తారు. తీసిన చోట సన్నని ఖాళీ మిగులుతుంది; ముదురు రంగు పోగులు మాత్రమే నిలిచి, మగ్గం మీద లేని కొత్త గళ్ళు, కొత్త ఆకారాలు పైకి తేలుతాయి. బట్ట పలచబడి, మెత్తబడి, జల్లెడలా వెలుగును వడకడుతుంది. దాని పేరు పెలెటె బితె, అంటే కోసిన బట్ట. కొత్త పోగు ఒక్కటి చేర్చరు, రంగు అద్దరు, పువ్వు కుట్టరు. చేసేదంతా తీసివేతే. అలా చేశాక అది ఇండియా బట్ట కాదు, కలబరి బట్ట. పెద్ద కుటుంబాల్లో ఇటువంటి బట్టలు పెట్టెల్లో తరతరాలుగా దాచి ఉంటాయి. ఇంటి పెద్ద చనిపోయినప్పుడు ఆ ఇంటి ఆడవాళ్ళు శవాన్ని ఉంచే మంచాన్ని వాటితో మడతలు మడతలుగా అలంకరిస్తారు. ఎవరి పెట్టెలో ఎన్ని బట్టలున్నాయో, ఎంత పాతవో ఆ రోజు ఊరంతా చూస్తుంది.

ఒక పోగు తగ్గితే తాతయ్యకు కూలీ తగ్గేది. అదే బట్ట సముద్రం దాటాక, ఎన్ని పోగులు తీస్తే అంత విలువ పెరిగేది. ఇది తెలిసిన రోజు నాకు మొదట నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఆయన బతికి ఉంటే ఎలా చెప్పేదాన్నా అనిపించింది.

ఇంతవరకే అయితే రెండు తీరాల మధ్య చేతిపని బంధుత్వం అని మురిసిపోయి ఊరుకోవచ్చు. కానీ నేను ఉంటున్న పేట పేరే ఊరుకోనివ్వదు. 1639లో ఇంగ్లీషు వాళ్ళు ఈ ఇసుక తీరంలో జాగా సంపాదించి సెయింట్ జార్జ్ కోట మొదలుపెట్టింది ప్రధానంగా బట్ట కోసమే. మా వాషర్‌మెన్‌పేట, కోటకు వచ్చే బట్టను ఉతికి చలువ చేసిన చాకళ్ళ పేట. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోని చింతాద్రిపేటను 1734లో నేతగాళ్ళ కోసం కట్టించారు. చిన్న తరి పేట్టై, అంటే చిన్న మగ్గాల పేట, అన్న మాటే కాలక్రమంలో అలా మారిందంటారు. ఈ తీరంలో నేసి, ఉతికి, మూటలు కట్టిన బట్ట అంతా రాజుల ఒంటి మీదికే పోలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపా ఓడలు పడమటి ఆఫ్రికా రేవుల్లో మనుషులను కొన్నప్పుడు తుపాకులు, సారా, ఇనుముతో పాటు బట్టల మూటలనూ చెల్లించేవి. ఆ మూటల్లో పెద్ద భాగం భారతదేశపు నూలు బట్ట. కలబరి రేవు కూడా ఆ వ్యాపారంలో ఉన్నదే, అక్కడి పెద్దలు అందులో మధ్యవర్తులే. అంటే ఆ పెట్టెల్లో తరతరాలుగా దాచిన బట్టల్లో కొన్నింటికి ధరగా ఏం చెల్లిందో ఊహించడానికి పెద్ద చదువు అక్కరలేదు. నేతగాడికి ఆ సంగతి తెలియదు, నిజమే. తెలియదన్న మాట నాకు పూర్తి ఊరటను మాత్రం ఇవ్వదు.

అమ్ముడుపోయిన ఆ మనుషుల సంతతి అట్లాంటిక్ అవతలి ఒడ్డున ఇదే గళ్ళ బట్టను నెత్తికి చుట్టుకుంది. సెయింట్ లూసియా, డొమినికా, మార్టినిక్, గ్వాడెలూప్ అనే కరీబియన్ దీవుల్లో ఆ బట్ట పేరు ఇప్పటికీ మద్రాస్. ఊరి పేరు బట్టకు అతుక్కుని అక్కడే ఉండిపోయింది. మన వాళ్ళు ఆ పేరును ఊరి నుంచి కూడా తీసేశారు! అక్కడి స్త్రీలు తలగుడ్డను చుట్టి దాని కొసలను కొమ్ముల్లా పైకి నిలబెడతారు. ఒక కొస నిలబెడితే మనసు ఖాళీగా ఉందని, రెండైతే మాట ఇచ్చేసిందని, మూడైతే పెళ్ళయిందని, నాలుగైతే ఎవరైనా ప్రయత్నించి చూడవచ్చని చెప్పుకుంటారు. ఈ నాలుగో కొస గురించి చదివి అమ్మ "అమ్మమ్మో" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరదా మాటలా ఉంటుంది కానీ, తన పేరు మీద తనకే హక్కు లేకుండా చేసిన సమాజంలో, తన మనసు సంగతి తానే ప్రకటించుకోవడం చిన్న విషయం కాదు. 1786లో ఉత్తర అమెరికాలోని లూసియానాను ఏలుతున్న స్పానిష్ గవర్నర్ మీరో, స్వతంత్రులైన నల్లజాతి స్త్రీలు జుట్టుకు అలంకారాలు చేసుకోరాదని, తలకు గుడ్డ కట్టుకు తీరాలని ఉత్తర్వు వేశాడు. వాళ్ళను తక్కువగా చూపించడం అతని ఉద్దేశం. వాళ్ళు మెరిసే రంగుల బట్టలు తెచ్చి ఎంత అందంగా చుట్టారంటే, ఆ శిక్ష కాస్తా అలంకారమైంది.

ఈ నేపథ్యంతో చూసినప్పుడే నాకు ఇద్దరు కళాకారిణుల పని అర్థమైంది.

మొదటి ఆమె సోన్యా క్లార్క్. 1967లో వాషింగ్టన్‌లో పుట్టిన అమెరికన్, కుటుంబపు మూలాలు కరీబియన్ దీవుల్లో ఉన్నాయి. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి అంతర్యుద్ధం చేసిన అమెరికా దక్షిణాది రాష్ట్రాల యుద్ధపతాకాన్ని ఆమె 2015లో గ్యాలరీ గోడకు వేలాడదీసి, దాని ముందు నిలబడి పోగు పోగుగా విప్పడం మొదలుపెట్టింది. చూడవచ్చిన వాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచి తన పక్కన నిలబెట్టుకుని, ఎలా విప్పాలో చూపించి, వాళ్ళ చేత కూడా విప్పించింది. తగలబెట్టడమో చించడమో అయితే నిమిషంలో అయిపోయేది. నేతను విప్పడం అలా కాదు. ఎంతమంది చేతులు పడినా పొద్దు గడిచేసరికి విడిపోయేది అంగుళాల్లోనే. ఎన్నో చేతులు కలిసి, ఎన్నో ఏళ్ళ పాటు నేసిన దాన్ని విప్పడానికి కూడా చేతులూ కాలమూ కావాలన్నది మాటల్లో చెబితే ఉపన్యాసంలా ఉంటుంది. పక్కనున్న మనిషి భుజం తగులుతుండగా, మొండికేసిన పోగును గోటితో గీరుతూ నిలబడితే అది వేళ్ళకు తెలుస్తుంది. పూర్తిగా విప్పిన ఒక పతాకాన్ని ఎరుపు, తెలుపు, నీలం దారాల మూడు కుప్పలుగా కూడా ఆమె ప్రదర్శించింది. నేత ఇంట్లో పుట్టిన దాన్ని కనుక నాకు ఆ కుప్పలు చూడగానే శిథిలంలా అనిపించలేదు. మళ్ళీ కండెలకు చుట్టుకోదగిన నూలులా కనిపించాయి.

రెండో ఆమె సొకారి డగ్లస్ క్యాంప్. 1958లో బుగుమా అనే కలబరి పట్టణంలో పుట్టి, లండన్‌లో స్థిరపడిన శిల్పి. ఆమె సామగ్రి ఉక్కు. పాత చమురు పీపాల రేకును కూడా వాడుతుంది. కలబరి సంప్రదాయంలో ముసుగు వేషాలు కట్టి ఆడేది మగవాళ్ళే. ఆడవాళ్ళు చూడాలి, చప్పట్లు కొట్టాలి. ఆ వేషాలను ఊరికి వేల మైళ్ళ దూరంలో, ఒక ఆడమనిషి, వెల్డింగ్ మంటతో నిలువెత్తున నిలబెట్టింది. దూరం వెళ్ళడం వల్లనే ఆ పని సాధ్యమైందని నాకనిపిస్తుంది. బుగుమాలోనే ఉండి ఉంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఆపేవారు. ఆమె చేసిన స్త్రీమూర్తుల దుస్తులను చూడండి: రేకులో రంధ్రాలు కోసి, కోసి, బట్ట అల్లికను తెప్పిస్తుంది. అది పెలెటె బితెను తలచుకుని చేసిందేనని నేను అనను గానీ, ఆ ఊరి ఆడవాళ్ళ చేతిపనిని ఎరిగిన కళ్ళకు ఆ పోలిక తట్టకుండా ఉండదు. 2012లో ఆమె చేసిన "ఆల్ ది వరల్డ్ ఈజ్ నౌ రిచర్" అనే స్మారకంలో ఆరు ఉక్కుమూర్తులు వరుసగా నిలబడి ఉంటాయి. విలియం ప్రెస్కాట్ అనే, బానిసత్వం నుంచి బయటపడిన ఒక మనిషి మాట దానికి ప్రేరణ: మమ్మల్ని అమ్మారని లోకం గుర్తుంచుకుంటుంది, మేము బలవంతులమని గుర్తుంచుకోదు అన్నది దాని భావం. సంకెళ్ళు చూపించి జాలి పుట్టించే శిల్పాలు లోకంలో చాలా ఉన్నాయి. ఈ ఆరుగురూ తమ బట్టలతో, తమ ఠీవితో నిటారుగా నిలబడతారు.

బట్ట, ఆఫ్రికా అనగానే అందరూ యింకా షోనిబారే అనే బ్రిటిష్-నైజీరియన్ కళాకారుణ్ణి తలుస్తారు. ఇండోనేషియా బాతిక్‌ను అనుకరించి డచ్చివాళ్ళు తయారుచేసి ఆఫ్రికాలో అమ్మిన అద్దకపు బట్టతో ఆయన చేసే పని తెలివైనదే. "అసలైన" ఆఫ్రికా బట్ట అన్న మాటలోని డొల్లతనాన్ని అంత సూటిగా చూపినవారు తక్కువ. అయినా ఆయన పనిలో ఆలోచన ముందు నడిచి చెయ్యి వెనక వస్తుందనిపిస్తుంది. నా పక్షపాతం చేతివైపే, దాచుకోను.

ఇదంతా అమ్మకు విడతలు విడతలుగా చెప్పాను. బానిసల సంగతి దగ్గర ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "నాన్నకు ఇవేవీ తెలియవు" అని మాత్రం అంది, అన్నం కలుపుతూ. మర్నాడు పొద్దున తానే ఆ ముక్కను తీసి వెలుతురుకు పట్టి చూసింది. నేను తెంపిన చోట గడి వంకరపోయి, పక్క పోగులు జారి, చిల్లు పడింది. కలబరి స్త్రీల చేతిలో జాలీలా నిలిచేది నా చేతిలో ఎలుక కొరికినట్టు తయారైంది. "ఒకే చోట వరసగా లాగావు. పట్టు ఉండొద్దూ?" అంటూ అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, చీటీ మీద లెక్క చదివి, నీలం పోగుల మధ్య తెల్లపోగులు ఎన్నున్నాయో వేలితో లెక్కపెట్టింది. పది పోగులు వదిలి రెండు తీసింది, మళ్ళీ పది వదిలి రెండు తీసింది. ఆమె చేతిలో సూది మొన ఒక్కసారి కూడా నీలం పోగుకు తగలలేదు.

మధ్యాహ్నానికి నాలుగు వేళ్ళ మేర పని అయింది. కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే సన్నని నిచ్చెన మెట్ల లాంటి వరుస కనిపించింది. తీసిన పోగులను నేను ఊడ్చేయబోతే అమ్మ ఆపి, అన్నింటినీ ఒక అగ్గిపుల్లకు చుట్టి, తాతయ్య చీటీ పక్కనే పెట్టెలో వేసింది. చీటీ మీద ఆయన రాసిన తెలుపు లెక్కలో నుంచి ఎన్ని తగ్గాయో కింద పెన్సిలుతో రాయమంది. ఇరవై నాలుగు అని రాశాను.