కుకీలు లేకుండా అమెరికాకు ఆవకాయ అమ్మడం: నా అనుభవం

విజయవాడలో పచ్చళ్లు, పొడులు పెట్టి అమ్మే ఒక కుటుంబానికి ఆన్‌లైన్ యాడ్స్ నేనే చూస్తాను. వాళ్ల ఆర్డర్లలో ఎక్కువ భాగం అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల నుంచే వస్తాయి. థర్డ్ పార్టీ కుకీలు (మనం చూసే సైట్ కాకుండా వేరే కంపెనీ మన బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తింపు ఫైళ్లు) పోతే యాడ్స్ ఇచ్చేవాళ్ల సంగతేంటని అందరూ చర్చించుకుంటున్న రోజుల్లోనే మాకు ఆ సమస్య ఎదురుగా వచ్చి కూర్చుంది.

అప్పటిదాకా పని సులువు. ఒకరు సైట్‌కి వచ్చి, ఆవకాయ చూసి, కొనకుండా వెళ్లిపోతారు. వాళ్ల బ్రౌజర్‌లో యాడ్ కంపెనీ పెట్టిన కుకీ వాళ్లను గుర్తుపట్టి, తర్వాత వాళ్లు తెరిచే వార్తల సైట్‌లో మా ఆవకాయనే మళ్లీ చూపిస్తుంది. రీటార్గెటింగ్ అంటే ఇదే. ఆ యాడ్స్ ఇండియాలో బాగానే తిరుగుతున్నాయి, అమెరికాలో మాత్రం దాదాపు కనిపించడం లేదు. "కొనేది అక్కడివాళ్లు, యాడ్ పోయేది ఇక్కడివాళ్లకి. ఇదేంటమ్మా?" అని ఓనరుగారు అడిగారు.

రిపోర్టును బ్రౌజర్ల వారీగా విడదీశాక అర్థమైంది. అమెరికా నుంచి మా సైట్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఐఫోన్‌లో సఫారీ వాడుతున్నారు. సఫారీ 2020 మార్చి నుంచే థర్డ్ పార్టీ కుకీలన్నిటినీ ఆపేసింది. మా సైట్‌లోని స్క్రిప్టు పెట్టే సొంత కుకీని కూడా, కస్టమర్ ఏడు రోజులు మళ్లీ రాకపోతే తీసేస్తుంది. దాంతో నెల తర్వాత వచ్చిన పాత కస్టమర్ మా లెక్కల్లో కొత్త మనిషి అయిపోతారు.

ఈలోగా అందరి చూపూ గూగుల్ బ్రౌజర్ క్రోమ్ మీదే. రెండేళ్లలో ఈ కుకీలను తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో చెప్పింది. ఆ గడువు 2023కి, తర్వాత 2024కి, ఆ తర్వాత 2025కి జరిగింది. 2024 జనవరిలో 1 శాతం మందికి ఆపి పరీక్షించారు. అదే ఏడాది జులైలో అసలు తీసేయబోమన్నారు. కుకీలకు బదులుగా తెచ్చిన టాపిక్స్ (మనిషి ఆసక్తులను బ్రౌజరే అంచనా వేసి యాడ్స్‌కి చెప్పే పద్ధతి) లాంటివాటికి కూడా 2025 అక్టోబరులో స్వస్తి చెప్పారు. "ఇంకేం, టెన్షన్ లేదు" అని నాతో పనిచేసేవాళ్లు చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. నాకైతే అది సరైన లెక్క అనిపించలేదు. క్రోమ్ ఉంచినా తీసేసినా, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఐఫోన్ పట్టుకున్న మా కస్టమర్ విషయంలో ఆ కుకీ ఎప్పుడో పోయింది.

అందుకని కస్టమర్‌నే అడుగుదామని నిర్ణయించాం. ఆర్డర్ ఫారంలో రెండు గడులు పెట్టాం. కొత్త ఆవకాయ రాగానే వాట్సాప్‌లో చెప్పమంటారా అని ఒకటి. మీ నంబరు, ఈమెయిలు గుర్తులుగా మార్చి యాడ్ కంపెనీకి పంపవచ్చా, ఎందుకు పంపుతున్నామంటే ఇదీ, అని రెండోది. ముందే టిక్ పెట్టి ఉంచితే ఎక్కువమంది దొరుకుతారని డెవలపర్ అన్నాడు. నేను వద్దన్నాను. 2023లో వచ్చిన మన డేటా రక్షణ చట్టం ప్రకారం అనుమతి అంటే మనిషి తనంతట తాను స్పష్టంగా ఇచ్చేదే. చట్టం లేకపోయినా నేను వద్దనేదాన్ని. ఇంటికి పిలిచి భోజనం పెట్టేంత నమ్మకంతో మాట్లాడే కస్టమర్లు వాళ్లు.

అన్నిటికన్నా ఎక్కువ తంటా పెట్టింది సర్వర్ పని. ఆర్డర్ అయిందన్న సమాచారం బ్రౌజర్ నుంచి కాకుండా మా సర్వర్ నుంచే యాడ్ కంపెనీకి వెళ్లాలి. నంబర్లు, ఈమెయిళ్లు నేరుగా వెళ్లవు, హ్యాష్ చేసిన గుర్తులుగా, అంటే చూస్తే అసలు నంబరు తెలియని కోడ్‌లుగా వెళ్తాయి. అవతల వాళ్ల దగ్గరున్న గుర్తుతో కలిస్తేనే ఉపయోగం. మావి చాలా కలవలేదు. కారణం చూస్తే, ఫోన్ నంబరు ముందు దేశం కోడ్ లేదు. ఒకరు గుంటూరులోని అమ్మ నంబరు ఇస్తారు, ఒకరు అమెరికా నంబరు, మరొకరు మధ్యలో గీతలు పెట్టి రాస్తారు. ఒక్క అంకె తేడా ఉన్నా గుర్తు పూర్తిగా మారిపోతుంది. ఫారంలో దేశం ఎంచుకునే వీలు పెట్టి, ఖాళీలు, గీతలు తీసేశాకే కలవడం మొదలైంది. ఒకే ఆర్డర్ బ్రౌజర్ నుంచి ఒకసారి, సర్వర్ నుంచి ఒకసారి లెక్కలోకి రాకుండా రెండింటికీ ఆర్డర్ నంబరే ఐడీగా ఇచ్చాం. ఈ పని చేసేవాళ్లు ఇది మరచిపోవద్దు.

అప్పటికీ ఏ యాడ్ వల్ల ఎంత వచ్చిందో పక్కాగా తేలలేదు. రెండు యాడ్ ప్లాట్‌ఫాంలు ఒకే ఆర్డర్‌ను తమ ఖాతాలో వేసుకుంటాయి. అందుకని టెక్సస్‌లో యాడ్స్ ఆపి, న్యూజెర్సీలో నడిపి చూశాం. టెక్సస్‌లో పాత కస్టమర్ల ఆర్డర్లు తగ్గలేదు, కొత్తవాళ్లు రావడం తగ్గింది. అంటే పాతవాళ్లకు యాడ్ అక్కర్లేదు, వాట్సాప్ మెసేజ్ చాలు. ఆ డబ్బును తెలుగు వంటల వీడియోల దగ్గర యాడ్స్‌కి మళ్లించాం. అక్కడ చూసేది ఎవరో తెలియనక్కర్లేదు, గోంగూర పచ్చడి వీడియో చూస్తున్నారన్నది చాలు. మా గురించి ఎలా తెలిసిందని ఫారంలో అడిగితే చాలామంది స్నేహితులు చెప్పారనో, గుడి వాట్సాప్ గ్రూపులో చూశామనో రాశారు. ఏ కుకీ కూడా మాకు చెప్పని సంగతి ఇది.

ఇప్పుడు పాత కస్టమర్ల జాబితా పని నడుస్తోంది. ఆ డేటా రక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ఎప్పుడో ఇచ్చిన నంబర్లు ఇంకా మా దగ్గర ఉన్నాయని, వద్దంటే తీసేస్తామని ఒక్కొక్కరికీ చెప్పాలి. ఆ నోటీసు తెలుగులోనే రాస్తున్నాను, ఓనరుగారు చదివి అర్థంకాని మాటలు కొట్టేస్తున్నారు.