క్రోధి నామ సంవత్సరం రాయి

కడపలో పీహెచ్‌డీకి చేరిన మొదటి ఏడాది నాకు అంశం కుదరలేదు. "విజయనగర కాలంలో పన్నులు" అని రాసుకుని పోతే, మా గైడ్ సార్ కాగితం చూసి "అంత పెద్దది వద్దమ్మా, ఒక్క పన్ను పట్టుకో" అన్నారు. అట్లా దొరికింది మంగలి పన్ను. సదాశివరాయలు పేరుకు రాజుగా ఉండి, అసలు పెత్తనం అళియ రామరాయల చేతిలో ఉన్న రోజుల్లో, కొండోజు అనే మంగలి పనికి మెచ్చి ఆ వృత్తివాళ్ల పన్నులు, వెట్టి మాఫీ చేశారు. 1540ల్లో ఆ సంగతిని చాలా ఊళ్లలో రాళ్ల మీద చెక్కించారు. మన రాయలసీమలో అవి ఇప్పటికీ కనిపిస్తాయి. రాజులు, యుద్ధాలు, గుడి దానాలు మాత్రమే చదువుకుంటూ వచ్చిన నాకు, గడ్డం గీసే మనిషి గురించి రాతి మీద రాశారంటే ఒళ్లు పులకరించింది.

అచ్చయిన శాసన సంపుటాలు ముందు పూర్తి చేశాను. తర్వాత నాలుగు నెలలు సీపీ బ్రౌన్ గ్రంథాలయంలో కైఫియత్తులు చదివాను. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు దత్తం చేసిన తర్వాత, సర్వేయర్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్న ఊళ్ల చరిత్రలివి. ఈ గ్రంథాలయం ఉన్నది ఒకప్పుడు బ్రౌన్ బంగళా ఉన్న చోటే. ఆయన పండితులను పెట్టుకుని తాళపత్రాలకు నకళ్లు రాయించిన చోట కూర్చుని చదువుతున్నామన్న ఆలోచన ఒక్కోరోజు పేజీ తిప్పనిచ్చేది కాదు. అక్కడే ఒక కైఫియత్తులో, ఊరికి దక్షిణాన "మంగళ్ల రాయి" ఉందని ఒకే ఒక వాక్యం కనబడింది. సంపుటాల్లో ఆ ఊరి పేరే లేదు.

రెండు బస్సులు మారి పోయాను. దారి పక్కన, కంపచెట్ల మధ్య, నడుము ఎత్తు రాయి ఒకవైపుకు ఒరిగి ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు. ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం ఈ మాట నిలవాలని గుర్తు. కింద అక్షరాలన్నీ పసుపు, నూనె, పైన ఆకుపచ్చ ఎనామిల్ పెయింటు. జాతరప్పుడు భక్తితో పూసిందే, ఎవర్నీ తప్పు పట్టలేం. కానీ నేను బ్యాగు దించేలోపే నలుగురు చుట్టూ చేరారు. గుప్తనిధుల కోసం రాళ్లు పగలగొట్టే ముఠాలు ఈ పక్క ఎక్కువ. యూనివర్సిటీ ఐడీ కార్డు చూపించినా నమ్మలేదు.

గుళ్లో సన్నాయి వాయించే మంగలి పెద్దాయన ఒకాయన ముందుకొచ్చాడు.

"ఏందమ్మీ, ఈ రాయిలో ఏముందని ఇంత దూరం వచ్చినావు?"

"మీ వాళ్ల గురించి రాసుంటుందని అనుకుంటున్నా తాతా."

ఆయన ఇంకేమీ అడగలేదు. మనవణ్ణి పంపి బిందెతో నీళ్లు తెప్పించాడు.

అనుమతి లేకుండా రాతి అక్షరాలను కాగితం మీదికి అచ్చు తీయకూడదని సార్ గట్టిగా చెప్పారు కాబట్టి ఆ రోజు ఫొటోలు తీసుకుని వచ్చేశాను. తర్వాత నా అర్జీ ఒక ఆఫీసులో రెండు నెలలు కదల్లేదు. ఒకసారి కనబడలేదన్నారు, ఇంకోసారి సంతకం లేదన్నారు. ఆ రెండు నెలల టెన్షన్ వేరే ఉంది: దారి వెడల్పు చేస్తారని, కంపచెట్లు కొట్టేస్తారని పెద్దాయన ఫోన్ చేశాడు. జేసీబీ వచ్చిందంటే అది మైలురాయో శాసనమో చూసేవాళ్లెవరు?

అనుమతి వచ్చిన వారం మళ్లీ పోయాను, సార్ కూడా వచ్చారు. ఎండ ముదిరితే కాగితం తొందరగా ఆరి లేచిపోతుందని తెల్లవారుజామునే మొదలుపెట్టాం. ముందు పెయింటు. ఇనుప బ్రష్, యాసిడ్ ముట్టుకోకూడదు, పెయింటుతో పాటు అక్షరం అంచు కూడా పోతుంది. వెదురు పుల్లతో, మెత్తని బ్రష్‌తో, నీళ్లతో ఒక్కో గీత నుంచి తీసుకుంటూ వచ్చాం. అదొక్కటే మూడు గంటలు పట్టింది. తడి కాగితం రాయికి అతికించి, గాలి బుడగలు లేకుండా కుచ్చు బ్రష్‌తో కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కొంచెం ఆరాక, సిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన తట్టాలి. రాయి మట్టం నల్లబడుతుంది, అక్షరం తెల్లగా మిగులుతుంది. మొదటి కాగితం గాలికి చినిగింది. రెండోది కుదిరింది. నల్లటి కాగితం మీద "స్వస్తిశ్రీ" తెల్లగా పైకి తేలుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు కూడా మాట్లాడ్డం మానేశారు.

చదవడం ఇంకో కథ. "ధర్మ్మం", "పంన్ను" అని ఒత్తులు, సున్నలు ఎక్కువ పెట్టే రాత అది, అలవాటు పడాలి. శకవర్షంలో పద్నాలుగు వందల తర్వాత ఒక అంకె చెదిరిపోయి, చివర ఆరు మిగిలింది. సంవత్సరం పేరులో మొదటి అక్షరం "క్రో" మాత్రమే తెలుస్తోంది. నేను తల పట్టుకుని కూర్చుంటే పెద్దాయన అన్నాడు, "క్రోధి కాదా పాపా? మొన్న ఉగాదికి పంచాంగంలో చదివిరి కదా." నిజమే, మేమున్నది 2024 క్రోధిలోనే. లెక్క వేస్తే శకవర్షం 1406 కూడా క్రోధే, 1466 కూడా క్రోధే, అరవై ఏళ్ల తేడా. సార్ పైనుంచి మూడో వరుస చూపించారు: "శ్రీవీరప్రతాప సదాశివదేవ మహారాయలు". 1406 నాటికి, అంటే మన లెక్కలో 1484కి, సదాశివరాయలు పుట్టనే లేదు. కాబట్టి 1466. దానికి 78 కలిపితే 1544. అప్పట్నుంచి 2024కి సరిగ్గా ఎనిమిది అరవైలు, 480 ఏళ్లు.

కింది వరుసలు గట్టిగా చదివాను. మంగళ్లకు పన్ను, కానిక, వెట్టి మాన్యం, అంటే మాఫీ, చేసినట్టు, దీనికి తప్పినవాళ్లు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతారని. "మళ్లీ చదువమ్మీ" అన్నాడు పెద్దాయన. చదివాను. ఆయన కాసేపాగి, "మా నాయన ఏడాదంతా గడ్డాలు గీస్తే కళ్లంలో రెండు చాటల గింజలు మేరగా పోసేవాళ్లు. వెట్టి పోయిందని రాయి చెప్తాంది. మరి యాడ పోయింది?" అన్నాడు.

ఆ ప్రశ్న నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం అయింది. రాయి మీద ఆజ్ఞ ఉంది, అమలైందని రాయి చెప్పదు. ఆ రెంటి మధ్య దూరం కొలవడానికే ఇప్పుడు పాత రెవెన్యూ కాగితాలు చూస్తున్నాను.

రాయి సంగతి మాత్రం ఊరివాళ్లే తేల్చారు. దారి పని మొదలవకముందే, ఆఫీసుకు కబురు పెట్టి, ట్రాక్టరుకు గోతాలు పరిచి, రాయిని గుడి ప్రాకారంలోకి తెచ్చారు. ఎక్కడ ఉండేదో నేను ఫొటోలతో, కొలతలతో ముందే రాసి పెట్టాను. తూర్పు ముఖంగా నిలబెట్టి చిన్న అరుగు కట్టారు. ఈ జాతరకు పోయి చూస్తే, పసుపు కుంకుమ అరుగు మీదే ఉన్నాయి, అక్షరాల మీద ఒక్క బొట్టు లేదు. పెద్దాయన మనవడు వేలితో "క్రో" చుట్టూ గీస్తూ తన స్నేహితులకు చూపిస్తున్నాడు.