ఊటీ కొండరైల్లో పాత రీలు రంగుల కోసం

మెట్టుపాళయంలో పొద్దున 7:10కి ఎక్కితే ఊటీ చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. 46 కిలోమీటర్లకి దాదాపు 5 గంటలు. ఇంత నెమ్మది రైలు నాకు బాగా కలిసొచ్చింది, ఎందుకంటే ఫోటోలు తీసుకోవడమే కాదు, సీట్లో కూర్చుని వాటిని అక్కడికక్కడే ఎడిట్ చేసుకునే తీరిక కూడా దొరికింది. ఫోన్లో ఫోటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ యాప్, అందులో డబ్బులు పెట్టి కొన్న ఫిల్మ్ ప్రీసెట్లు (ఒక్క నొక్కుతో ఫోటోకి పాత రీలు రంగులు తెచ్చే రెడీమేడ్ సెట్టింగులు), పక్కన మా బాబాయి. రీలు కెమెరాల రోజుల్లో పెళ్లిళ్లకి ఫోటోలు తీసిన మనిషి, కాబట్టి వ్యాఖ్యానం ఉచితం.

కూనూరు దాకా ఆవిరింజనే, అదీ వెనక నుంచి తోస్తుంది. కల్లార్ దాటగానే పట్టాల మధ్య పళ్ల కడ్డీ మొదలవుతుంది, ఇంజను కింది పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. హిల్‌గ్రోవ్‌లో ఇంజనుకి నీళ్లు పట్టేటప్పుడు అందరూ దిగి ఫోటోల మీద పడ్డారు, కోతులు మా చేతుల్లో పొట్లాల మీద పడ్డాయి. నేను తీసిన ఇంజను ఫోటోకి ‘వింటేజ్’ అని పేరున్న ప్రీసెట్ కొట్టి బాబాయికి చూపించాను.

“ఏంట్రా, ఇంజనుకి విభూది పూశావా?”

నిజమే, నల్లటి ఇంజను బూడిద రంగులోకి వచ్చేసింది, ఆవిరి పసుపుపచ్చగా మారింది. ఫోటోలో నలుపు నుంచి తెలుపు దాకా వెలుగుని మార్చే గీత, అంటే టోన్ కర్వ్, తెరిస్తే కారణం తెలిసిపోతుంది. ఎడమ చివర ఉండాల్సిన బిందువుని పైకి లేపి పెట్టారు, దాంతో ఫోటోలో అసలు నలుపన్నదే ఉండదు. బాబాయి చెప్పింది ఇంకోటి ఉంది: స్టూడియో నుంచి తెచ్చిన రోజున ఏ ప్రింటూ ఇలా ఉండేది కాదట, నలుపు నల్లగానే ఉండేదట. ఆలోచిస్తే అంతేగా. ఆ కాలం కలర్ ప్రింట్లు ఆల్బమ్‌లో చీకట్లో ఏళ్ల తరబడి ఉంటే చాలావాటిలో ముందు పోయేది సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు, మిగిలిన మెజెంటా (ముదురు గులాబీ), పసుపు కలిసి ఫోటో నారింజ వైపు తిరుగుతుంది. మనం పాత ఫిల్మ్ రంగు అనుకుంటున్నది చాలాసార్లు ఆ వెలిసిపోయిన ప్రింటు రంగే. ఫిల్మ్ స్వభావం వేరు, ప్రింటు ముసలితనం వేరు, ఈ ప్రీసెట్లు రెండింటినీ కలిపి ఒకే బటన్లో పెట్టి అమ్ముతాయి. నాకు కావాల్సింది మొదటిదే. అందుకని కర్వ్‌లో ఆ బిందువుని దాదాపు అడుగుదాకా దించేసి, ప్రీసెట్ ఘాటుని మార్చే అమౌంట్ స్లైడర్ సగానికి తగ్గించాను. ఇంజనుకి ప్రాణం వచ్చింది.

దారిలో 16 సొరంగాలున్నాయి. ప్రతి సొరంగం నోటి దగ్గరా ఒకటే గొడవ: లోపల కటిక చీకటి, బయట మండే వెలుగు. కలర్ నెగటివ్ ఫిల్మ్ ఎక్కువ వెలుతురుని ఓర్చుకుంటుంది, ఆకాశంలో ఎంతోకొంత వివరం మిగులుతుంది. ఫోన్ సెన్సర్‌కి ఆ ఓపిక లేదు, ఒకసారి తెల్లగా కాలిపోతే ఏ ప్రీసెట్టూ వెనక్కి తేలేదు. కాబట్టి వెలుగున్న చోట వేలితో నొక్కి, ఎక్స్‌పోజర్ కిందికి లాగి, ‘రా’ (RAW, ఫోన్ మెరుగులు దిద్దని ముడి ఫైలు) పద్ధతిలో తీయడం మేలు, నీడల్ని తర్వాత పైకి తెచ్చుకోవచ్చు. ఫోన్ తనంతట తాను హెచ్‌డీఆర్ చేసి (వెలుగునీ నీడనీ సర్ది) ఇచ్చిన జేపెగ్ మీద ఫిల్మ్ ప్రీసెట్ వేస్తే మాత్రం ఫోటో చప్పగా తయారవుతుంది, నీడల్ని అప్పటికే అది లేపేసి ఉంటుంది మరి.

కూనూరులో ఆవిరింజను తీసేసి డీజిల్ తగిలించారు. వెల్లింగ్టన్, కేత్తి, లవ్‌డేల్ దారంతా తేయాకు తోటలు. ఇక్కడ ప్రీసెట్ ఇంకో రకంగా ఏడిపించింది. ఆకుపచ్చని పసుపు వైపు తోసి, సాచురేషన్ (రంగు చిక్కదనం) తగ్గించడం ఈ ప్రీసెట్లకి అలవాటు. దానితో తోటలన్నీ మందు కొట్టి ఎండబెట్టినట్టు కనిపించాయి. ఒక్కో రంగునీ విడిగా మార్చే కలర్ మిక్స్‌లో గ్రీన్ హ్యూ (రంగు ఛాయ) కొంచెం కుడికి జరిపి, సాచురేషన్ కాస్త తిరిగి ఇస్తే సరిపోయింది. మనుషుల సంగతి ఇంకా అన్యాయం. మా బాబాయిది చామనఛాయ, ప్రీసెట్ పడగానే ముఖం ఇటుకలా అయింది. ఆరెంజ్‌లో సాచురేషన్ తగ్గించి, ల్యూమినెన్స్ (ఆ రంగు వెలుగు) రవ్వంత పెంచాలి. తయారు చేసినవాళ్లు ఎవరి ముఖాల మీద పరీక్షించారో గానీ మనవాళ్ల మీద కాదని నా గట్టి అనుమానం.

ఊటీలో బొటానికల్ గార్డెన్, సరస్సు మామూలే, జనం కూడా మామూలే. నేను ఎదురుచూసింది తిరుగు ప్రయాణంలో, కారులో మైసూరు వెళ్తూ, గూడలూరు రోడ్డు మీద వచ్చే ఇందు నగర్ కోసం. హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఉన్నది అక్కడే. 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ, ‘ఇందు’ పేరుతో బ్లాక్ అండ్ వైట్ రీళ్లు, ఎక్స్‌రే ఫిల్మ్ చేసేవారు. ఇప్పుడు మూతపడింది. “ఇందు రీలు నేనూ వాడానురా” అని బాబాయి కారు ఆపించి, రోడ్డు మీద నుంచే చాలాసేపు చూశాడు. అక్కడ కలర్ ప్రీసెట్ వేయబుద్ధి కాలేదు. బ్లాక్ అండ్ వైట్ చేసి, మిక్స్‌లో బ్లూ బాగా కిందికి దించితే ఆకాశం ముదిరింది, మేఘాలు లేచాయి. వెనకట లెన్స్‌కి ఎర్ర ఫిల్టర్ తగిలించి ఇదే పని చేసేవాళ్లమని బాబాయి అన్నాడు.

మైసూరు చేరాక కొన్ని ప్రింట్లు వేయించాం. ఫోన్ తెర మీద సరిపోయిన గ్రెయిన్ (ఫిల్మ్ ఫోటోల్లో కనిపించే సన్నని రవ్వ) చిన్న ప్రింటులో అసలు కనపడలేదు, గ్రెయిన్ సైజు పెంచి మళ్లీ వేయించాల్సి వచ్చింది. కాగితం మీద నీడలు కూడా తెర మీద కన్నా చిక్కబడతాయి, కాబట్టి ప్రింటు కోసమైతే షాడోస్ కొద్దిగా లేపి ఇవ్వండి.

మార్చినవన్నీ కలిపి ‘బాబాయి ఊటీ’ అని కొత్త ప్రీసెట్‌గా సేవ్ చేసుకున్నాను. ఇంటికొచ్చాక వానలో తీసిన ఫోటోల మీద వేస్తే అన్నీ నీలంగా తేలాయి. ముందు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే సర్దుబాటు) సరిచేసుకుని, ఆ తర్వాతే దాన్ని వేస్తున్నాను.